నాలుగక్షరాల వెన్నెల

అందరికీ నమస్కారం. వెనక వరసలో కూర్చున్నవాళ్లకి మాట వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

నేను డాక్టర్ని. చదివింది చైనాలో, నాన్‌జింగ్ నగరంలో. మన తెలుగు పిల్లలు చాలామంది ఎంబీబీఎస్ కోసం ఆ దేశం వెళ్తారు కదా, నేనూ అలా వెళ్లినదాన్నే. పాఠాలు ఇంగ్లిష్‌లో చెప్పేవాళ్లు. కానీ వార్డులో పడుకున్న పేషెంటుకి ఇంగ్లిష్ రాదు. 'ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి' అని అడగాలంటే వాళ్ల భాష రావాలి. అవసరం కొద్దీ మొదలుపెట్టిన భాష మీద తర్వాత తర్వాత ప్రేమ పుట్టింది. ఈ గ్రంథాలయం వాళ్లు చైనా గురించి ఏదైనా మాట్లాడమన్నప్పుడు నాకు ముందుగా తట్టింది వాళ్ల శరత్కాలపు పున్నమి పండుగ, దాని చుట్టూ అల్లుకున్న జాతీయాలు.

ఆ పండుగ పేరు జోంగ్‌చ్యూ. జోంగ్ అంటే నడుమ, చ్యూ అంటే శరత్తు. వాళ్ల లెక్కలో ఏడు, ఎనిమిది, తొమ్మిది నెలలు శరత్కాలం. ఎనిమిదో నెల పదిహేనో రోజు ఆ మూడు నెలలకీ నట్టనడుమ పడుతుంది. మన పంచాంగంలో చూస్తే చాలా ఏళ్లు అది భాద్రపద పౌర్ణమి. అధిక మాసాలు వాళ్లకీ మనకీ ఒకేచోట పడవు కాబట్టి ఒక్కో ఏడాది ఆశ్వయుజ పౌర్ణమికి వెళ్తుంది. 2023లో భాద్రపద పౌర్ణమి నాడే వచ్చింది. 2025లో అక్టోబరు 6న, మన శరత్ పూర్ణిమ రాత్రి వచ్చింది. సాంగ్ రాజవంశం నాటికి, అంటే సుమారు వెయ్యేళ్ల కిందటికే, అది పెద్ద పండుగగా స్థిరపడింది. 2008 నుంచి అక్కడ ప్రభుత్వ సెలవు.

నేను వెళ్లిన మొదటి ఏడాది ఆ పండుగ సాయంత్రం హాస్టల్ దాదాపు ఖాళీ అయిపోయింది. చైనా అమ్మాయిలందరూ ఊళ్లకి వెళ్లిపోయారు. గేటు దగ్గర గదిలో ఉండే ఆమెని అందరం 'ఆయీ' అని పిలిచేవాళ్లం. ఆయీ అంటే పిన్ని. ఆమె నన్ను లోపలికి రమ్మని, బల్ల మీద ఒక మూన్‌కేక్ పెట్టి కత్తి తీసుకుంది. గుండ్రంగా, మన కజ్జికాయ రంగులో, అరచేతిలో పట్టేంత ఉంటుందది. కోస్తే లోపల తామరగింజల ముద్ద, దాని మధ్యలో ఉప్పులో ఊరబెట్టిన గుడ్డు సొన. ఆ పచ్చసొన చంద్రుడికి గుర్తు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ముక్కలు కోయడం పాత అలవాటు. ఆమె నాలుగు కోసింది. ఆమెకొకటి, భర్తకొకటి, నాకొకటి. నాలుగోది షెన్‌జెన్‌లో ఫ్యాక్టరీలో పనిచేస్తున్న కొడుకుది. అతనికి ఆ ఏడాది రావడం కుదరలేదు. ఆ ముక్కని ఒక గిన్నె కింద మూతపెట్టి, కిటికీలోంచి పైకి చూసి ఒక మాట అంది: 'యువె యువెన్, రెన్ బూ యువెన్.' చంద్రుడు గుండ్రం, మనుషులు గుండ్రం కాలేదు.

మనుషులు గుండ్రం కావడమేమిటో నాకప్పుడు అర్థం కాలేదు. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాట గురించే.

చైనా భాషలో 'యువెన్' అంటే గుండ్రం. పూర్తి అనీ, లోటు లేనిదనీ కూడా అర్థం. దీనికి 'థువాన్' చేరిస్తే థువాన్‌యువెన్. చెల్లాచెదురైన కుటుంబం ఒకచోట చేరడం. మనం 'ఇల్లు నిండుగా ఉంది' అంటాం. పండక్కి కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు వచ్చినప్పుడు అమ్మమ్మలు అనే మాట అది. మన నిండుతనం కుండలోంచి వచ్చింది, వాళ్ల నిండుతనం చంద్రుడిలోంచి వచ్చింది అనిపిస్తుంది నాకు. ఆయీ కొడుకు రాలేదు. అందుకే ఆ రాత్రి ఆ ఇంటి వలయంలో ఒక వైపు తెగి ఉంది.

ఇక చెంగ్యూ అంటే ఏమిటో చెప్పాలి. చైనా భాషలో తరతరాలుగా మారకుండా వాడే కట్టుమాటలివి. చాలావరకు సరిగ్గా నాలుగక్షరాలే ఉంటాయి. వాళ్లకి ఒక్కో అక్షరం ఒక్కో మాట కాబట్టి నాలుగక్షరాల్లో ఒక కథ మొత్తం ఇమిడిపోతుంది. మన భాషలో సామెత వేరు, జాతీయం వేరు కదా. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' సామెత, అది తనంతట తాను నిలబడే వాక్యం. 'భగీరథ ప్రయత్నం' జాతీయం, దాన్ని వాక్యంలో పెట్టుకోవాలి, వెనకాల కథ తెలియాలి. చెంగ్యూ ఈ రెండోదానికి దగ్గర. భగీరథుడెవరో తెలియని మనిషికి 'భగీరథ ప్రయత్నం' ఎంత అర్థమవుతుందో, కథ తెలియకపోతే చెంగ్యూ కూడా అంతే అర్థమవుతుంది. పండుగ రోజుల్లో ఫోన్లలో తిరిగే జాబితాల్లో చెంగ్యూలూ, పద్యపాదాలూ, పల్లెటూరి సామెతలూ అన్నీ కలిసిపోయి ఉంటాయి. నేనూ ఈరోజు అన్నీ చెబుతాను, కానీ ఏది ఏదో వేరు చేసి చెబుతాను.

పండుగ నాడు అందరి నోటా వినిపించేది 'హ్వా హావ్ యువె యువెన్'. పూలు బాగున్నాయి, చంద్రుడు గుండ్రంగా ఉన్నాడు. పెళ్లి శుభలేఖల మీద కూడా ఇదే వేస్తారు. మన 'పచ్చగా ఉండండి' లాంటి దీవెన అనుకోండి. నిఘంటువులు దీనికి మూలంగా సాంగ్ కాలపు పద్యం ఒకటి చూపిస్తాయి. అందులో మూడు కోరికలున్నాయి: పూలు ఎప్పుడూ బాగుండాలి, మనిషి ఎప్పుడూ ఆరోగ్యంగా ఉండాలి, చంద్రుడు ఎప్పుడూ గుండ్రంగా ఉండాలి. నాలుగక్షరాలకి కుదించేసరికి పూలు మిగిలాయి, చంద్రుడు మిగిలాడు, మధ్యలో మనిషి జారిపోయాడు. డాక్టర్ని కాబట్టేమో, ఆ జారిపోయిన మాట మీద నాకు మమకారం. ఎవరికైనా ఈ దీవెన రాసి పంపేటప్పుడు మధ్యలో అది కూడా చేరుస్తాను.

ఒక సామెత కూడా ఉంది: పదిహేనో రోజు చంద్రుడు పదహారో రోజున గుండ్రమవుతాడు. ఇది కవిత్వం కోసం అన్నది కాదు, లెక్క ప్రకారం నిజం. వాళ్లు అమావాస్య ఘడియ పడిన రోజుని ఒకటో తేదీగా పట్టుకుంటారు. అక్కడినుంచి నిండు పున్నమికి సగటున పద్నాలుగున్నర రోజులు దాటి పడుతుంది. కాబట్టి అసలు నిండు ఘడియ చాలాసార్లు పదహారుకి జరుగుతుంది, ఒక్కోసారి పదిహేడుకి కూడా. మనం తిథిని చంద్రుడి నడకతో పాటు లెక్కపెడతాం కాబట్టి పౌర్ణమి ఘడియలు పూర్తయ్యేది సరిగ్గా నిండు చంద్రుడి దగ్గరే. 2025లో పండుగ అక్టోబరు 6న అయితే చంద్రుడు పూర్తిగా నిండింది 7న. ఈ సామెతని అక్కడివాళ్లు ఊరట చెప్పడానికి వాడతారు. పండుగ రోజు రైలు టికెట్ దొరక్క మర్నాడు ఇల్లు చేరిన కొడుకుతో తల్లి అనే మాట ఇది. 'ఏం పర్లేదులే, పదహారుకే గుండ్రం.'

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన చెంగ్యూ. 'ఫో జింగ్ చోంగ్ యువెన్.' పగిలిన అద్దం మళ్లీ గుండ్రమైంది.

6వ శతాబ్దం చివరి మాట. చైనా దక్షిణ భాగాన్ని చెన్ అనే రాజవంశం పాలించేది. రాజధాని నేను చదువుకున్న నాన్‌జింగే, అప్పట్లో దాని పేరు జియెన్‌కాంగ్. ఆఖరి రాజు చెల్లెలు లచాంగ్ రాజకుమారి. ఆమె భర్త షూ దయెన్ అనే చిన్న ఉద్యోగి. ఉత్తరాన స్వీ రాజ్యం బలపడుతోంది. రాజ్యం పోతుందని షూ దయెన్‌కి ముందే అర్థమైపోయింది. భార్యతో అన్నాడు: 'నీకున్న అందానికి, తెలివికి నిన్ను ఎవరో గొప్పింటికి పట్టుకుపోతారు. మన బంధం ఇంకా తెగిపోలేదనుకుంటే గుర్తుగా ఏదైనా ఉండాలి.' ఒక అద్దాన్ని రెండు ముక్కలు చేసి చెరొకటి తీసుకున్నారు. అద్దమంటే మన గాజు అద్దం కాదు. అప్పటి అద్దాలు కంచువి, గుండ్రంగా ఉండేవి, తగరం పాలు ఎక్కువ కాబట్టి పెళుసుగా పగిలేవి. ఏటా మొదటి నెల పున్నమి రోజున ఆమె తన సగం ముక్కని రాజధాని సంతలో అమ్మకానికి పెట్టించాలి. బతికి ఉంటే అతను వెతుక్కుంటూ వస్తాడు. అదీ ఒప్పందం.

589లో చెన్ రాజ్యం కూలింది. రాజకుమారిని స్వీ సేనాని యాంగ్ సూ ఇంటికి పంపారు. షూ దయెన్ ఎన్నో కష్టాలు పడి ఉత్తరాది రాజధానికి చేరాడు. పున్నమి రోజున సంతలో ఒక ముసలి నౌకరు సగం అద్దం పట్టుకుని అమ్ముతున్నాడు. చెప్పే ధర ఆకాశంలో ఉంది. చుట్టూ జనం నవ్వుతున్నారు. షూ దయెన్ అతన్ని తన బసకి తీసుకెళ్లి, అన్నం పెట్టి, జరిగింది చెప్పి, తన ముక్క తీసి పక్కన పెట్టాడు. అంచులు కలిశాయి. అద్దం మీద నాలుగు పాదాల పద్యం రాశాడు. దాని భావం నా మాటల్లో ఇది: 'అద్దమూ మనిషీ కలిసే వెళ్లిపోయారు. అద్దం తిరిగొచ్చింది, మనిషి రాలేదు. ఛాంగ్‌అ నీడ ఇక కనిపించదు, ఉత్త వెన్నెలే మిగిలింది.' ఛాంగ్‌అ అంటే చంద్రుడిలో ఉండే దేవత. భర్త దాచుకున్న అమృతం తాగి, తేలిపోయి, చంద్రుడిలో ఒంటరిగా ఉండిపోయిన స్త్రీ. ఆ గుండ్రటి కంచు అద్దంలో అతనికి చంద్రుడు కనిపించాడు, ఆ చంద్రుడిలో భార్య కనిపించలేదు.

పద్యం చదివి ఆమె అన్నం మానేసి ఏడుస్తూ కూర్చుంది. యాంగ్ సూ విషయం తెలుసుకుని షూ దయెన్‌ని పిలిపించి భార్యని అప్పగించాడు. ఆ సందర్భంగా ఇచ్చిన విందులో ఆమెని పద్యం చెప్పమన్నారు. ఒకవైపు పాత భర్త, ఒకవైపు ఇన్నాళ్లు ఉంచుకున్న సేనాని. 'నవ్వడానికీ ధైర్యం లేదు, ఏడవడానికీ ధైర్యం లేదు, మనిషిగా బతకడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది' అంది. కథ చెప్పేవాళ్లు చాలామంది అద్దం కలిసిన చోటే ఆపేస్తారు. నాకు మాత్రం ఆమె అన్న ఈ మాట లేకపోతే కథ సగం ముక్కే. ఆ తర్వాత ఇద్దరూ దక్షిణాదికి తిరిగొచ్చి కలిసి ముసలివాళ్లయ్యారని చెబుతారు.

ఇది మొదటి నెల పున్నమి కథ కదా, శరత్ పున్నమి మాటల్లో ఎందుకు చెప్పారని మీరు అడగొచ్చు. చంద్రుడు, ఛాంగ్‌అ, విడిపోవడం, గుండ్రం, పండుగలో ఉన్నవన్నీ ఇందులోనూ ఉన్నాయి కాబట్టి. ఈరోజుకీ విడిపోయిన భార్యాభర్తలు మళ్లీ కలిస్తే అక్కడ ఇదే మాట వాడతారు. మనం 'విరిగిన మనసు అతకదు' అంటాం. వాళ్ల భాషలోనూ 'పగిలిన అద్దం గుండ్రం కావడం కష్టం' అనే రూపం ఉంది. కానీ ఎక్కువగా వినిపించేది మొదటిదే.

నాన్‌జింగ్ మాట వచ్చింది కాబట్టి ఆ ఊరి వాసన ఒకటి చెప్పాలి. ఈ పండుగ రోజుల్లో ఊరంతా గ్వే పూలు పూస్తాయి. పువ్వు బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది, పసుపు రంగు. ఆకుల మధ్య వెతికితే తప్ప కనిపించదు. వాసన మాత్రం వీధి మలుపు తిరగకముందే వచ్చేస్తుంది. చంద్రుడిలో కనిపించే మచ్చల్లో ఒకటి ఈ గ్వే చెట్టేనని వాళ్ల నమ్మకం. తప్పు చేసిన వూ గాంగ్ అనే అతనికి దాన్ని నరకమని శిక్ష. అతను గొడ్డలి వేయడం, గాటు వెంటనే పూడిపోవడం. టాంగ్ కాలపు పుస్తకంలో ఉందీ కథ.

ఈ చెట్టు మీద ఒక చెంగ్యూ ఉంది: 'ఛాన్ గోంగ్ జ గ్వే', కప్ప కోటలో గ్వే కొమ్మ విరిచాడు. దీని అర్థం ఎవరూ ఊహించలేరు. పరీక్ష పాసయ్యాడని! కప్ప కోట అంటే చంద్రుడు. హాన్ కాలపు కథల్లో ఛాంగ్‌అ చంద్రుడిలోకి వెళ్లి కప్పగా మారింది. కొమ్మ సంగతి 3వ శతాబ్దానిది. జిన్ చక్రవర్తి తన ఉద్యోగి షీ షెన్‌ని 'నిన్ను నువ్వు ఎంతవాడివనుకుంటావు' అని అడిగితే, 'ప్రశ్నలకి జవాబులు రాయడంలో దేశంలో మొదటివాణ్ని. అంటే గ్వే అడవిలో ఒక కొమ్మని, కున్‌లున్ కొండల్లో ఒక పచ్చరాతి ముక్కని' అన్నాడు. అంత పెద్ద అడవిలో నేనొక కొమ్మనే అన్న వినయం కూడా అందులో ఉంది. చక్రవర్తి నవ్వాడట. తర్వాత ఆ కొమ్మకీ, చంద్రుడిలోని చెట్టుకీ ముడిపడింది.

ఈ మాట అంత గట్టిగా నిలబడడానికి ఇంకో కారణం ఉంది. మింగ్, చింగ్ రాజుల కాలంలో రాష్ట్రస్థాయి పరీక్ష ఎనిమిదో నెలలోనే జరిగేది. మూడు విడతలు: 9న, 12న, 15న. మూడో విడత సరిగ్గా పండుగ రోజు. నాన్‌జింగ్‌లో చిన్‌హ్వాయ్ నది ఒడ్డున ఆ పరీక్షా కేంద్రం మ్యూజియంగా ఇప్పటికీ ఉంది. మంచి రోజుల్లో అందులో 20 వేలకు పైగా గదులుండేవి. గది అంటే మనిషి కాళ్లు చాపుకుని పడుకోవడానికి కూడా చాలని గూడు. ముందురోజే లోపలికి పంపి తాళం వేసేవాళ్లు. రాయడం, వండుకోవడం, నిద్ర అన్నీ అక్కడే. నేను ఆ గూట్లో ఒకదాంట్లో కూర్చుని చూశాను. ఎదురుగా ఒక సన్నటి సందు, పైన కొంచెం ఆకాశం. దేశమంతా ఇళ్లల్లో కుటుంబాలు చేరి మూన్‌కేకులు కోసుకునే రాత్రి, ఇక్కడ వేలమంది ఆ టెన్షన్‌లో, ఆ సందులోంచి కనిపించినంత చంద్రుణ్ని చూస్తూ రాసుకున్నారు. వాళ్లలో చాలామంది జుట్టు నెరిసేదాకా మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లే. ఫలితాలు గ్వే పూల కాలంలో అంటించేవారు, ఆ జాబితానే 'గ్వే జాబితా' అనేవారు. 1905లో ఆ పరీక్షలే రద్దయ్యాయి. మాట మాత్రం ఉండిపోయింది. ఇవాళ యూనివర్సిటీ ఎంట్రన్స్ రాసే పిల్లలకి కూడా ఇదే దీవెన.

ఇక మన దేశం నుంచి వెళ్లిన మాటొకటి చెబుతాను. 'ష్వే జోంగ్ లావ్ యువె', నీళ్లలో చంద్రుణ్ని తోడడం. వృథా ప్రయాస అని అర్థం. దీని వెనకాల కోతుల కథ కాశీలో జరిగింది. ఐదు వందల కోతులు ఒక మర్రిచెట్టు దగ్గరికొచ్చాయి. కింద బావి, బావిలో చంద్రుడి నీడ. పెద్దకోతి అంది: 'చంద్రుడు చచ్చిపోయి బావిలో పడ్డాడు. బయటికి తీద్దాం. లేకపోతే లోకం రాత్రంతా చీకటైపోతుంది.' ఒకదాని తోక ఒకటి పట్టుకుని వేలాడాయి. కొమ్మ విరిగి అన్నీ నీళ్లలో పడ్డాయి.

ఈ కథ మహాసాంఘికులనే బౌద్ధ శాఖవారి వినయ గ్రంథంలో, అంటే భిక్షువుల నియమాల పుస్తకంలో ఉంది. చైనా యాత్రికుడు ఫాషియన్ ఆ ప్రతిని పాటలీపుత్రంలో సంపాదించి సముద్రం మీద తీసుకెళ్లాడు. 416 నుంచి 418 దాకా బుద్ధభద్రుడనే భారతీయ పండితుడితో కలిసి చైనా భాషలోకి అనువదించాడు. ఎక్కడ? మళ్లీ నాన్‌జింగ్‌లోనే! మహాసాంఘికుల నుంచి చీలిన శాఖలే మన అమరావతిలో, నాగార్జునకొండలో వర్ధిల్లాయి. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. కృష్ణ ఒడ్డున భిక్షువులు చదువుకున్న సంప్రదాయంలోని కథ, పదహారు వందల ఏళ్ల తర్వాత నాకు చైనా హాస్టల్లో జాతీయమై ఎదురైంది. చైనా పిల్లలు బళ్లో చదివే రూపంలో ముసలి కోతి తలెత్తి 'చంద్రుడు పైనే ఉన్నాడుగా' అంటుంది. పాత కథలో కోతులు వెర్రివే, కానీ లోకం చీకటవుతుందని జాలిపడ్డాయి. నాలుగక్షరాల్లో వెర్రితనం మిగిలింది, ఆ జాలి మిగల్లేదు.

దీనికి జోడీగా 'జింగ్ హ్వా ష్వే యువె' ఉంది. అద్దంలో పువ్వు, నీళ్లలో చంద్రుడు. కనిపిస్తుంది, అందదు. మనకి అద్దంలో చందమామ ఉన్నాడు. మారాం చేసిన బాలరాముడి చేతికి అద్దమిచ్చి చంద్రుణ్ని తెచ్చామన్న కథ మనందరికీ తెలుసు. ఒకే బొమ్మ. అక్కడ అది భ్రమ, ఇక్కడ అది పిల్లవాడి ఏడుపు మాన్పిన ఉపాయం.

కుందేలు సంగతి మాత్రం తొందరపడి చెప్పకూడదు. మనకి చంద్రుడు శశాంకుడు. వాళ్లకి చంద్రుడిలో మందు నూరే పచ్చరాతి కుందేలు ఉంది. జాతక కథలో కుందేలు అతిథి కోసం తనని తాను నిప్పుకి ఇచ్చుకుని చంద్రుడిలో చేరింది. 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు షువాన్‌జాంగ్ కాశీ దగ్గర ఆ కథ విని రాసుకున్నాడు. కాబట్టి వాళ్ల కుందేలు మననుంచే వెళ్లిందని చెప్పేయాలనిపిస్తుంది. కానీ 1972లో చాంగ్‌షా దగ్గర మావాంగ్‌త్వేలో తవ్విన సమాధిలో ఒక పట్టువస్త్రం దొరికింది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానిది. దాని మీద నెలవంక, అందులో కప్ప, కుందేలు రెండూ ఉన్నాయి. బౌద్ధం చైనాకి చేరకముందే ఆ కుందేలు అక్కడుంది. మచ్చని చూసి రెండు జాతులవాళ్లూ అదే జంతువుని పోల్చుకున్నారు అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. 2013 డిసెంబరులో చంద్రుడి మీద దిగిన వాళ్ల బండికి పెట్టిన పేరూ 'పచ్చరాతి కుందేలే', దాన్ని మోసుకెళ్లిన నౌక పేరు ఛాంగ్‌అ.

ఇంకో రెండు త్వరగా చెప్పేస్తాను. 'జిన్ ష్వే లోవ్ థాయ్' అంటే నీటి ఒడ్డు మేడ. పూర్తి పాదం ఏమిటంటే, నీటి ఒడ్డు మేడకి చంద్రుడు ముందుగా దక్కుతాడు. 11వ శతాబ్దంలో ఫాన్ జోంగ్‌యాన్ హాంగ్‌జౌ పాలకుడిగా ఉన్నప్పుడు దగ్గరున్న ఉద్యోగులందరికీ సిఫారసులు దొరికాయి. దూరాన పనిచేసే సూ లిన్‌కి దొరకలేదు. అతను ఈ పాదం ఉన్న పద్యం రాసి ఇచ్చాడు. ఫాన్ అర్థం చేసుకుని అతని పేరు కూడా పంపాడు. మన దగ్గర దీనికి సరిజోడు ఉంది: వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే. రెండోది 'వూ న్యూ చువాన్ యువె', వూ దేశపు దున్న చంద్రుణ్ని చూసి రొప్పింది. దక్షిణాది ఎండకి బెదిరిన దున్న, పున్నమి చంద్రుణ్ని చూసి కూడా సూర్యుడే వచ్చాడనుకుందట. మన రోహిణి కార్తె ఎరిగినవాళ్లకి ఆ దున్న కష్టం వివరించక్కర్లేదు.

చివరగా సాంగ్ కాలపు కవి సూ షి గురించి చెబుతాను. పండుగ రోజున చైనాలో ఈయన పద్యం వినపడని ఊరు ఉండదు. 1076లో ఆయన షాన్‌డాంగ్ ప్రాంతంలో మీజౌ అనే చోట అధికారి. అంత దూరం ఎందుకు వెళ్లాడంటే తమ్ముడు సూ జె ఆ ప్రాంతంలోనే జినాన్‌లో ఉద్యోగంలో ఉన్నాడని, దగ్గరగా ఉండొచ్చని కోరుకుని వెళ్లాడు. తీరా వెళ్లాక కూడా ఇద్దరికీ కలవడం కుదరలేదు. ఆ ఏడాది పండుగ రాత్రి తెల్లవార్లూ తాగి, తమ్ముణ్ని తలుచుకుంటూ పద్యం రాశాడు. 'బే హ్వాన్ లీ హ', 'యిన్ చింగ్ యువెన్ చ్యువె' అనే రెండు చెంగ్యూలకి అక్కడివాళ్లు ఎక్కువగా చూపించే చోటు అదే. మనుషులకి దుఃఖం, సంతోషం, ఎడబాటు, కలయిక. చంద్రుడికి మబ్బు, తెరిపి, నిండడం, తరగడం. ఇవి అన్నీ ఒకేసారి కుదరడం అనాదిగా లేదంటాడు. 'మనిషి కలకాలం ఉంటే చాలు, వేయి మైళ్ల దూరానైనా ఒకే వెన్నెలని పంచుకుంటాం' అన్న చివరి పాదం అందరికీ కంఠస్థం. నాకు మాత్రం దానికి ముందున్న ప్రశ్న మరీ ఇష్టం. చంద్రుణ్ని నిలదీస్తాడు: 'నీకు మామీద కోపమేమీ లేదు కదా, మరి మేం విడిపోయి ఉన్నప్పుడే ఎందుకు గుండ్రంగా ఉంటావు?'

ఆయీ ఆ రాత్రి అన్న మాటకి ఇది తొమ్మిది వందల ఏళ్ల కిందటి రూపం.

చాలామందికి తెలియనిది తర్వాతి ఏడాది సంగతి. 1077లో అన్నదమ్ములిద్దరూ కలిశారు. సూ షికి షూజౌకి బదిలీ అయితే తమ్ముడు కూడా వెంట వెళ్లి వంద రోజులకు పైగా ఉన్నాడు. ఆ ఏడాది పండుగ ఇద్దరూ ఒకే చోట చేసుకున్నారు. కోరుకున్నది దొరికింది. ఆ రాత్రి అన్న రాసింది ఏమిటంటే: 'ఈ జన్మలో ఇలాంటి మంచి రాత్రి ఎల్లకాలం ఉండదు. వచ్చే ఏడాది ఈ చంద్రుణ్ని ఎక్కడినుంచి చూస్తామో.' పండుగ అవుతూనే తమ్ముడు ఉద్యోగానికి వెళ్లిపోయాడు. కొద్ది రోజులకే పసుపు నది వరద షూజౌ గోడల దాకా వచ్చింది. సూ షి అక్కడే ఉండి ఊరిని కాపాడుకున్నాడు. 1078లో పండుగ మళ్లీ వచ్చింది. అన్న షూజౌలోనే ఉన్నాడు, తమ్ముడు వేరే ఊళ్లో. ఆ రాత్రి తమ్ముడికి పద్యాలు రాసి పంపాడు. ఒకదాని మొదటి రెండు పాదాలు ఇవి: 'ఆరేళ్లుగా ఈ చంద్రుణ్ని చూస్తున్నాను. అందులో ఐదేళ్లు ఎడబాటు మీదే వెలిగాడు.'